ఏ ఊరి కాసు?

"ఊరు గావాల్నా, కాసు గావాల్నా సార్ మీకు?"

హైదరాబాద్ జుమేరాత్ బజార్లో గోనెపట్టా పరిచి పాత ఇత్తడి తాళాలు, సొట్టలుపడ్డ గ్లాసులు, నిజాం కాలపు అణాలు ముందేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన నన్నడిగిన ప్రశ్న ఇది. నా అరచేతిలో చిన్న సీసం కాసు ఉంది. ఒకపక్క ఏనుగు, రెండోపక్క నాలుగు సున్నాలను అడ్డగీత, నిలువుగీతతో కలిపినట్టుండే ఉజ్జయిని గుర్తు. శాతవాహనులదని చూడగానే తెలిసిపోతోంది. ఇది ఎక్కడ దొరికిందని అడిగాను. ఆయన విసుక్కోలేదు, నవ్వి ఆ మాటన్నాడు. నేనూ నవ్వేసి, 300 రూపాయలిచ్చి కాసు తెచ్చుకున్నాను. ఊరు అక్కడే వదిలేశాను.

పెద్దాయనను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన అడిగింది నాణేలు పోగుచేసే మావాళ్లందరి మనసులో ఉన్న మాటే. "కాసును చూసి కొను, కథ విని కొనకు" అని మా సీనియర్లు కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటిరోజే నేర్పుతారు. రాజు పేరు నాణెం మీదే ఉంది. బొమ్మ ఉంది. లోహం ఏదో కంటికి తెలుస్తుంది, బరువు తూచుకోవచ్చు. అసలో నకిలీనో అనుభవం ఉన్నవాడి వేలికి తెలిసిపోతుంది. ఇంక ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్న పుట్టుపూర్వోత్తరాల గొడవ దేనికి? అది వేలంపాటల వాళ్లు ధర పెంచడానికి కనిపెట్టిన చిట్కా, డబ్బున్నవాళ్ల దర్జా. ఇదీ మాలో చాలామంది అభిప్రాయం. నేనూ ఇరవై ఏళ్లు ఇదే పాట పాడాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. తప్పయి ఊరుకుంటే నాకేమీ బాధ లేదు. దానివల్ల నేల మీంచి చెరిగిపోతున్నవి మన ఊళ్ల పేర్లు.

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. పుట్టుపూర్వోత్తరాలు అన్న మాటలో రెండు సంగతులున్నాయి. పుట్టు అంటే నాణెం భూమిలోంచి బయటపడిన చోటు. పూర్వోత్తరం అంటే అది చేతులు మారిన వరుస. వేలంపాటల పుస్తకాల్లో మెరిసేది ఈ రెండోది: ఫలానా దొరగారి పెట్టెలోది, ఫలానా జమీందారు సంపుటిలోది అని. 1987లో జెనీవాలో జహంగీరు బంగారు మొహరు ఒకటి వేలానికి వచ్చింది. 1613లో ఆగ్రాలో ముద్రించింది, దాదాపు 12 కిలోలు. ఏడో నిజాం మనవడు ముకర్రం జా దగ్గరున్నదని వార్త. మన సీబీఐ ఏళ్ల తరబడి దాని వెంటపడింది, చిక్కలేదు. 2022లో మళ్లీ వెతుకులాట మొదలైందని పత్రికలు రాశాయి. అలాంటి నాణేనికి చేతులు మారిన వరుసే ప్రాణం, ఎందుకంటే అది మట్టిలోకి పోయిందే లేదు, ఖజానాల్లోనే తిరిగింది. ఎవరిది, దేశం ఎప్పుడు దాటింది అన్నవే అక్కడ ప్రశ్నలు.

కానీ మనలాంటి వాళ్ల చేతికొచ్చేవి మొహర్లు కావు. పాటిగడ్డల మీద వాన వెలిశాక తేలేవి, రైతు పొలానికి పాటిమన్ను తోలుకుంటుంటే పారకు తగిలేవి, బోదె తవ్వుతుంటే పగిలిన ముంతలోంచి రాలేవి. వీటికి దర్జా అయిన యజమానులెవరూ లేరు. ఉన్నదల్లా ఒక ఊరి పేరు. ఆ ఒక్కటీ తీసేస్తే ఏం మిగులుతుందన్నదే నా వాదమంతా. దొరల పెట్టెల గురించి గొప్పలు పోయేవాళ్లను ఎగతాళి చేయండి, నాకు అభ్యంతరం లేదు. ఆ ఎగతాళితో పాటు ఊరి పేరును కూడా ఊడ్చి పారేయకండి.

కోటిలింగాల సంగతి చూడండి. గోదావరిలో పెద్దవాగు కలిసేచోట ఉన్న ఊరు, నిన్నటి కరీంనగర్ జిల్లా, ఇవాళ జగిత్యాల జిల్లా. 1970లలో అక్కడ నేల మీద ఏరుకున్న నాణేలు పురావస్తు శాఖలో శాసన పండితుడిగా ఉన్న పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి కంటపడ్డాయి. వాటిలో గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లు కనిపించాయి. పురాణాలు ఎరగని పేర్లు. వాటితో పాటు చిముక సాతవాహనుడి పేరున్నవీ దొరికాయి. పురాణాల్లో ఈ వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుడు ఇతడేనని శాస్త్రిగారి వాదం. అంతదాకా సిముకుడి పేరు రాతిమీద కనిపించింది మహారాష్ట్రలో జున్నరు దగ్గరి నానేఘాట్ గుహలో. పైఠన్ వాళ్ల రాజధాని అన్న ప్రసిద్ధి ఎలాగూ ఉంది. అందుకే శాతవాహనులు పడమటి దక్కనులో మొదలై తూర్పుకు వచ్చారన్నది స్థిరపడిన అభిప్రాయం. కోటిలింగాల నాణేలు ఆ బండిని వెనక్కి తిప్పి నిలబెట్టాయి. మూలపురుషుడి నాణేలు గోదావరి ఒడ్డున తెలంగాణలో, అతడికి ముందరివాళ్లని చెప్పదగిన స్థానిక రాజుల నాణేలు కూడా అదే ఊళ్లో దొరుకుతుంటే, మొదలు ఎక్కడ? పండితులంతా ఒప్పుకున్నారని నేననను. ఆ చిముకుడు పురాణాల సిముకుడు కాడనేవాళ్లున్నారు, వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఆ వాదన నడవడానికి ఊతమేమిటి? కోటిలింగాల అన్న ఐదక్షరాలు.

ఇప్పుడు అదే నాణెం గోనెపట్టా మీదికి ఊరు లేకుండా వచ్చిందనుకోండి. అక్షరాలు అవే, బరువు అదే, లోహం అదే. మావాళ్ల లెక్కప్రకారం ఏమీ పోలేదు. "చిముక, అరుదైనది" అని చీటీ అంటించి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి వేలల్లో అమ్ముకుంటారు. పైఠన్ పక్షంవాళ్లు అది పైఠన్‌దే అనవచ్చు, మనవాళ్లు మనదే అనవచ్చు, ఇద్దరిలో ఎవరూ గెలవరు. నాణెం మాట్లాడుతుందంటారు కదా, ఆ నాణెం ఏం మాట్లాడిందప్పుడు? తన పేరు చెప్పింది, ఊరు చెప్పలేదు. మన పల్లెల్లో కొత్తమనిషి పేరు చెబితే సరిపోతుందా? ఏ ఊరు బాబూ మీది అని అడిగాకే కదా అరుగుమీద చోటిస్తాం.

ఇక్కడ ఇంకొకటి కూడా గమనించాలి. కోటిలింగాల నాణేలు చాలావరకు పద్ధతిగా తవ్వి తీసినవి కావు, స్థానికులు తిరిగి తిరిగి ఏరి దాచినవి. వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగింది ఆ తర్వాతే. అంటే ఊరి పేరు కాపాడటానికి పురావస్తు శాఖ జీపే రానక్కర లేదు. ఏరినవాడు మరిచిపోకుండా చెబితే చాలు, కొన్నవాడు రాసిపెడితే చాలు. ఇప్పుడైతే శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఆ ఊరిదాకా వచ్చాయి. రేపెవరైనా అనుమానమొచ్చి మళ్లీ వెతుకుదామంటే ఆ నేలంతా పొడిగా ఉండదు.

ఊరి పేర్లు పక్కపక్కన పెట్టడం వల్ల ఒక రాజవంశమే బయటపడిన ఉదంతం తీరాంధ్రలో ఉంది. పేరు చివర "సద" అని ఉండే సింహం బొమ్మ సీసం నాణేలను వెనకటి పండితులు శాతవాహనుల పద్దులోనే వేశారు. అక్షరాలు అరిగిపోయి, సగం బిళ్ల బయటే ఉండిపోయిన రాతలు మరి. అలాంటివి కృష్ణా తీరంలో వడ్డమాను లాంటి చోట్ల పదేపదే దొరకడం, గుంటుపల్లి శాసనంలో సిరిసద అనే మహారాజు పేరు కనిపించడం, ఈ రెండూ కలిశాక గాని వాళ్లు వేరే రాజులని తేలలేదు. నాణెం మీది రాత ఎంత ముఖ్యమో నాణెం కింది నేల అంత ముఖ్యమని ఇంతకన్నా ఎలా చెప్పను?

ఇక మావాళ్ల బ్రహ్మాస్త్రం ఒకటుంది. "నాణెం కాళ్లున్న వస్తువు. ఇక్కడ కొట్టింది అక్కడ తేలుతుంది. దొరికిన చోటుకూ ముద్రించిన చోటుకూ సంబంధమేముంది?" వినడానికి గట్టి మాటే. చిన్న సీసం కాసులు ఎక్కువ దూరం పోవు, అవి సంతలో కూరగాయలకు ఇచ్చిపుచ్చుకున్న చిల్లర, కాబట్టి వాటి విషయంలో ఈ వాదం మొదటికే నిలవదు. కానీ వెండి, బంగారం నిజంగానే నడిచాయి, సముద్రాలు దాటాయి. అప్పుడు దొరికిన చోటు ఇంకా ముఖ్యమవుతుందే గాని తగ్గదు. ఎంత దూరం నడిచింది అన్నదే అక్కడి కబురు.

రోము చక్రవర్తి టైబీరియస్ వెండి దినారాన్ని తీసుకోండి. ప్రపంచంలో దానికి కొదవ లేదు. బైబిల్లో పన్ను నాణెం ప్రస్తావన ఉన్న ఘట్టంతో ముడిపెట్టి పాశ్చాత్య దేశాల్లో దాన్ని జ్ఞాపికలా అమ్ముతుంటారు. అలాంటి దినారాలే నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా ఒక్కచోట దొరికాయి, ఆగస్టస్‌వి, టైబీరియస్‌వి. వాటి వివరాలను పరమేశ్వరీలాల్ గుప్తా పుస్తకంగా వెలువరించారు. ఇప్పుడు రెండు దినారాలు పక్కపక్కన పెట్టండి, ఒకటి ఎక్కడిదో తెలియనిది, ఇంకొకటి అక్కెనపల్లిది. అచ్చు ఒకటే, బరువు ఒకటే. మొదటిది చూసి రోములో టైబీరియస్ అనే చక్రవర్తి ఉండేవాడని తెలుసుకుంటాం, అది బడిపిల్లల పుస్తకంలోనూ ఉంది. రెండోది చూస్తే మిరియాలకూ మేలిబట్టలకూ రోము సొమ్ము తూర్పుకు తరలిపోతోందని ఆనాటి రోము రచయిత ప్లినీ ఎందుకు గొణిగాడో నల్లగొండ నేలలో ఆనవాలు దొరుకుతుంది. నీరో కాలంలో, క్రీ.శ. 64లో, దినారం బరువూ వెండీ తగ్గించారు. మన దేశంలో దొరికే రోము వెండిలో అంతకుముందరివే అత్యధికం. అంటే మన వర్తకులు చక్రవర్తి మొహం చూసి కాదు, వెండి నాణ్యం చూసి పుచ్చుకున్నారని ఊహించవచ్చు. ఈ ఊహ మొత్తం దేని మీద నిలబడింది? ఫలానా నాణేలు ఫలానా దేశంలో, ఫలానా ఊళ్లో దొరికాయన్న నమోదు మీద. ఊరు తీసేస్తే మన దినారం కూడా ఏ ఐరోపా అంగడిలోని దినారమో అయిపోతుంది. రెండు వేల ఏళ్ల కింద అంత దూరం వచ్చిన నాణేన్ని మనమే మళ్లీ వెనక్కి పంపేసినట్టు.

ఒక్క నాణెం సంగతి ఇలా ఉంటే, కుండెడు నాణేల సంగతి వేరే చెప్పాలా? లంకెబిందెలు దొరికాయంటే మనవాళ్లకు మొదట తోచేది పంచుకోవడం. నాణేల శాస్త్రం దృష్టిలో పంచుకోవడమంటే పుస్తకం కుట్టు విప్పి పేజీకొకరు పట్టుకుపోవడం. 1906లో నాసిక్ దగ్గర జోగల్తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపాణుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. క్షహరాతులను నిర్మూలించాడని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో చెప్పించిన మాటకు ఆ కుండే జామీను. అంతేకాదు, ఆ ఇద్దరికీ నడుమ ఇంకో రాజు నాణెం ఆ గుట్టలో లేదు. లేకపోవడమే సాక్ష్యం. నహపాణుణ్ని నేరుగా గౌతమీపుత్రుడే గెలిచాడని ఆ ఖాళీ చెప్పింది. విడి నాణేన్ని భూతద్దం పెట్టి ఎన్నిసార్లు చూసినా, దాని పక్కన ఏది లేదో అది చెప్పగలదా?

రాజుల పేర్లే లేని నాణేలకైతే గుట్ట తప్ప దిక్కు లేదు. విద్ధాంక నాణేలు, అంటే వెండిముక్కల మీద సూర్యుడు, కొండ, ఎద్దు వంటి గుర్తులు కొట్టినవి, మన దేశపు అతి పాత నాణేలు, ఒక్కదాని మీదా అక్షరం ఉండదు. "నాణేన్ని చూడు చాలు" అనేవారికి ఇవి ఏం చూపిస్తాయో నాకు అర్థం కాదు. 1924లో తక్షశిల భీర్ దిబ్బలో ఇలాంటివి వెయ్యికి పైగా ఒక ముంతలో దొరికాయి. వాటితో పాటు అలెగ్జాండరువి రెండు, అతని సవతి సోదరుడు ఫిలిప్పుది ఒకటి, అప్పుడే అచ్చువేసినంత కొత్తగా ఉన్నాయి. ఆ మూడు నాణేల పుణ్యమా అని ఆ ముంత క్రీ.పూ. నాలుగో శతాబ్దం చివరిదని కాలం కట్టగలిగారు. విద్ధాంక నాణేల కాలగణనకు అదొక గుంజ. ఆ మూడూ గ్రీకు నాణేలు పోగుచేసే ఎవరి దగ్గరికో, మిగతావి కంసాలి కుంపట్లోకో పోయి ఉంటే గుంజ లేదు, పందిరీ లేదు.

డి.డి. కోశాంబి లెక్కల మనిషి. తక్షశిల నాణేలను పట్టుకుని ఆయన చేసింది చాలా మామూలు పనిలా కనిపిస్తుంది: తూకం. చేతులు మారేకొద్దీ వెండి అరుగుతుంది, అరిగేకొద్దీ బరువు తగ్గుతుంది, కాబట్టి ఒకే గుట్టలోని రకాలను సగటు బరువుల వారీగా పేరిస్తే ఏది ముందు, ఏది వెనక అన్నది తేలుతుంది. రాజు పేరు లేకపోయినా వరుస దొరికింది. కానీ ఈ పద్ధతికి ఒక షరతుంది. ఆ నాణేలన్నీ ఒకే రోజు ఒకే కుండలోకి పోయి ఉండాలి, ఆ సంగతి మనకు తెలిసి ఉండాలి. నా దగ్గర విద్ధాంక నాణేలు పన్నెండున్నాయి, ఐదుగురు వర్తకుల దగ్గర కొన్నవి. వాటిని నెలంతా తూచినా నాకు తెలిసేది నా త్రాసు పనిచేస్తోందని మాత్రమే.

ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది, ఇది కాస్త తెలివైనది. "కాగితాలు నమ్మమంటావు, కాగితం పుట్టించడం ఎంతసేపు?" నిజమే. బ్రూటస్ సీజరును చంపిన రోజును చాటుకుంటూ క్రీ.పూ. 42లో కొట్టించిన బంగారు నాణెం, రెండు బాకుల నడుమ టోపీ బొమ్మతో, 2020లో లండన్‌లో సుమారు 42 లక్షల డాలర్లకు పోయింది. ఎవరో ప్రభువు సంపుటిలో ఉండేదని దానికొక వంశవృక్షం తగిలించారు. అది కల్పితమని అమెరికా అధికారులు తేల్చి, నాణేన్ని పట్టుకుని, 2023లో గ్రీసుకు అప్పగించారు. ఈ ఉదంతం చెప్పి, చూశావా పుట్టుపూర్వోత్తరాలన్నీ బూటకం అంటారు మావాళ్లు. చెల్లని కాసుకు దొంగ అచ్చు ఎవడైనా పోస్తాడా? నకిలీ నాణేలున్నాయని అసలు నాణేలు పోగుచేయడం మానుకున్నామా? అక్కడ నకిలీని పరీక్షించడం నేర్చుకున్నాం, ఇక్కడా అదే నేర్చుకోవాలి. పైగా ఆ నాణెం మీద రాత, బొమ్మ, లోహం అన్నీ నిక్కమే. "నాణేన్ని చూడు చాలు" అన్న సూత్రాన్ని నమ్మి కొన్నవాడికి 42 లక్షల డాలర్లకు చివరికి మిగిలిందేమిటి?

కథ విని కొనకు అన్న సామెతకు అసలు శత్రువు పుట్టుపూర్వోత్తరాలు కాదు. అవి లేనిచోటే కథలు పుడతాయి. రైస్ పుల్లింగ్ అన్న మాట రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లు గుల్లచేసిందో పోలీసు స్టేషన్లలో అడిగితే చెబుతారు. బియ్యపు గింజల్ని లాగే రాగి నాణెమట, పిడుగు పడ్డ చెంబట, విదేశీ సంస్థ కోట్లకు కొంటుందట. 1818లో ఈస్టిండియా కంపెనీ వేసిందంటూ రాముడు, హనుమంతుల బొమ్మలతో రాగి నాణేలు ఊరూరా తిరుగుతున్నాయి. కంపెనీ అలాంటివి ఎప్పుడూ వేయలేదు. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరు వాడుకుని మోసం చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. ఈ మోసాలన్నిటికీ పెట్టుబడి ఒక్కటే: ఎక్కడిది అని ఎవరూ అడగకపోవడం. "ఊరు చెప్పు, ఎవరి పొలం, ఏ ఏడు" అని మూడు ప్రశ్నలు వేస్తే సగంమంది మాయగాళ్లు మూటముల్లె సర్దుకుంటారు.

ఇక ఎవరూ పైకి అనని కారణానికి వద్దాం, అదే అసలు కారణం. భయం. ఊరి పేరు చెబితే పోలీసులు, తహసీల్దారు, పంచనామా. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి, తెలపకపోతే వాటా పోవడమే కాక జైలు కూడా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, వ్యాపారానికి లైసెన్సు కావాలి. దగ్గర ఉంచుకోవడం నేరం కాదన్న సంగతి రైతుకు చెప్పేవాడు లేడు. అందుకే నాణెం దొరికిన పొలం నుంచి బజారుకు వచ్చేలోగా ప్రతి చెయ్యీ ఒక అక్షరం చెరుపుతుంది. చింతపండు పెట్టి తోమిన చెయ్యి మట్టిని చెరిపితే, అమ్మిన చెయ్యి ఊరిని చెరుపుతుంది.

ఇందులో రైతును నేను నిందించలేను. ఆ 1878 చట్టంలో ఒక తమాషా ఉంది చూడండి. దొరికిన నిధిని ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే, హక్కుదారులకు లోహం విలువా, దానికి ఐదోవంతు కలిపీ చెల్లించాలి. బంగారమైతే సరే. సీసమైతే? చిముకుడి సీసం కాసు దొరికినవాడికి లోహం విలువ, దానికి ఐదోవంతు కలిపితే ఎంతవుతుంది? చాయ్ ఖర్చు రాదు. అంటే నాణెం విలువ దాని ఒంట్లోని లోహంలోనే ఉందని తెల్లదొరల చట్టమూ అనుకుంది, మా సేకర్తలూ అనుకుంటున్నారు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు! ఇంగ్లండులో ఆ పాఠాన్ని వాళ్లు మార్చుకున్నారు. 1996లో కొత్త చట్టం చేసి, నిధి దొరికినవారికి బజారు విలువ మేరకు బహుమతి ఇస్తున్నారు. దొరికిన మామూలు వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేసే పథకమూ మొదలుపెట్టారు, ఆ నమోదులు పది లక్షలు దాటాయి. 2010లో ఫ్రోమ్ దగ్గర లోహశోధకంతో తిరిగే ఒకాయనకు రోము నాణేల కుండ తగిలితే, తవ్వడం ఆపి పురావస్తు పరిశోధకులను పిలిచాడు. వాళ్లు కుండను పొరలు పొరలుగా విప్పారు. 52,503 నాణేలు. ఏ నాణెం ఏ పొరలో ఉందో తెలిసింది కాబట్టి, కొంచెం కొంచెంగా దాచుకున్నదా, ఒకేసారి పూడ్చిందా అన్న ప్రశ్నకు జవాబు వెతకగలిగారు. మన దగ్గర అలాంటి మనిషి పుట్టడని కాదు. ఫోను చేస్తే ఎత్తేదెవరు, ఎత్తాక ఏమవుతుంది అన్న నమ్మకం పుట్టలేదు. చట్టం మార్చమని సేకర్తలు అడగాలి. కానీ ఊరి పేరు అక్కర్లేదని సిద్ధాంతం చెప్పేవాళ్లు ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? అవసరం లేదని మనమే అంటుంటే, దాన్ని కాపాడటానికి చట్టం ఎందుకు మారుతుంది?

"మేం కొనకపోతే అవి కంసాలి మూసలో కరిగిపోయేవి" అన్న మాటకు నేను తలవంచుతాను. నిజం. ఎన్ని వరహాలు మంగళసూత్రాల్లోకి కరిగాయో ఎవరు లెక్కపెట్టారు? మ్యూజియాలకంటే ముందు నాణేలను కాపాడింది పిచ్చి పట్టిన మనలాంటివాళ్లే. అయితే మనం పెట్టే ధరలే కొందరిని లోహశోధకాలతో పాటిగడ్డల మీదికి రాత్రిపూట తోలుతున్నాయన్నదీ నిజం. కాపాడాం అని చెప్పుకునేముందు ఏం కాపాడామో చూసుకోవాలి. వెరీ ఫైన్ నుంచి ఎక్స్‌ట్రా ఫైన్‌కు గ్రేడు ఒక మెట్టు పెరిగితే వేలు అదనంగా ఇస్తాం. ఊరి పేరు తెలిసిన నాణేనికి వంద ఎక్కువ ఇమ్మంటే మొహం చిట్లిస్తాం. మనం దేనికి డబ్బిస్తే బజారు దాన్నే తెస్తుంది. ఊరికి డబ్బిస్తే వాళ్లు అబద్ధపు ఊళ్లు చెబుతారంటారా? చెబుతారు కొందరు. ఒక ఊరి పేరుతో ఆరు నాణేలు ఆరు చేతుల నుంచి వస్తే అబద్ధమెంతో నిజమెంతో తేలుతుంది. అసలు ఏమీ రాయకపోతే తేల్చడానికి పదార్థమే లేదు.

నాకు ఈ బుద్ధి వచ్చింది పుస్తకాలు చదివి కాదని ఒప్పుకోవాలి. మా ప్రాంతంలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉండేవారు. నలభై ఏళ్లు చుట్టుపక్కల పాటిగడ్డలన్నీ సైకిలు మీద తిరిగి నాణేలు పోగుచేశారు. ఖరీదైనవి ఏమీ కావు, సీసం, పోటిన్ అనే మిశ్రలోహం, ఒకటీ అరా కుతుబ్‌షాహీ రాగి. ఒక్కోదాన్ని ఒక్కో బ్రౌన్ కవరులో వేసి, పైన ఊరు, చేను ఎవరిది, తేదీ, వాన ముందా వాన తర్వాతా అన్నది కూడా బాల్‌పెన్నుతో రాసేవారు. మేం నవ్వేవాళ్లం. మాస్టారూ, కవరు ఖరీదు నాణెం కన్నా ఎక్కువయ్యేట్టుంది అనేవాణ్ని నేనే. ఆయన పోయిన మూడు నెలలకు పిల్లలు కబురుపెట్టారు, నాన్నగారి నాణేలు చూసి ధర చెప్పమని. వెళ్లేసరికి అన్నీ ఒక స్టీలు డబ్బాలో పోసి ఉన్నాయి. కవర్లేవమ్మా అని అడిగాను.

"నలిగిపోయి, చెదలు పట్టి ఉన్నాయంకుల్. పారేశాం. నాణేలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు."

ఒక్కటీ పోలేదు, నిజమే. నేను డబ్బాలో చెయ్యి పెట్టి కాసేపు కలియబెట్టి, తూకానికి ఎంతొస్తుందో చెప్పి వచ్చేశాను. అంతకంటే చెప్పడానికి అక్కడేమీ మిగల్లేదు.

ఆ తర్వాతి గురువారం జుమేరాత్ బజార్‌కు వెళ్లాను. పెద్దాయన అక్కడే ఉన్నాడు, గోనెపట్టా మారింది. జేబులోంచి ఏనుగు బొమ్మ కాసు తీసి చూపించి, ఎప్పుడో ఆరేళ్ల కింద మీ దగ్గర కొన్నాను, ఎక్కడిదో గుర్తుందా అన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు, కాసును కాక నన్నే ఎగాదిగా చూశాడు, పోలీసువాణ్నేమోనని. కాదని నచ్చజెప్పడానికి ఒక పనికిరాని తాళం కొనాల్సి వచ్చింది.

"కరీంనగర్ దిక్కుకెల్లి ఒకడు తెస్తుండె. పెద్దపల్లి కాడ ఏదో ఊరు అన్నడు. ఊరు పేరు యాదికి లేదు సార్. వాడిప్పుడు వస్తలేడు."

ఇంటికొచ్చి కాసును కొత్త బ్రౌన్ కవరులో వేశాను. దానిమీద పెన్సిలుతో రాశాను: పెద్దపల్లి దగ్గర? అమ్మినాయన మాట. నేరుగా తెలియదు.